బడిలో ‘మీ పిల్లలకు అదనపు సాయం కావాలి’ అన్నారా? ఆ నిర్ణయాన్ని అర్థం చేసుకుని, అమలు చేయించుకునే పద్ధతి

డైరీలో ‘పేరెంట్స్ ఒకసారి వచ్చి కలవండి’ అని రాసి పంపుతారు. వెళ్తే, “మీ బాబుకి కొంచెం ఎక్స్‌ట్రా సపోర్ట్ కావాలండీ, అందుకే ఈ నిర్ణయం తీసుకున్నాం” అంటారు. పది నిమిషాల్లో మాట అయిపోతుంది. ఇంటికొచ్చాక ‘ఏమన్నారు?’ అని ఇంకొకరు అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ఏ సాయం, ఎవరు ఇస్తారు, ఎన్నాళ్ళు, ఎందుకు... ఏదీ స్పష్టంగా తెలియదు. తెలిసేది టెన్షన్ ఒక్కటే.

దీని గురించి తల్లిదండ్రులు పదేపదే అడుగుతున్నారు కాబట్టి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల్లో ఒకటి నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుసలో రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు ఒక మాట. ఇంత పెద్ద నిర్ణయాన్ని నోటిమాటగా ఒప్పుకోకండి, నోటిమాటగా కాదనకండి. కాగితం మీదికి రప్పించండి. కింద ఉన్నదంతా దాదాపు ఆ పని గురించే.

## 1. బడి అసలు ఏం నిర్ణయించిందో తేల్చుకోండి

‘సపోర్ట్’ అన్న ఒక్క మాట కింద బడులు వేర్వేరు పనులు చేస్తాయి. మీ విషయంలో అది ఏదో ముందు తెలియాలి.

- రెమిడియల్ క్లాస్: వెనకబడిన సబ్జెక్టులో బడి ముందో తర్వాతో అదనపు తరగతి. దీనికి ఏ వైకల్య సర్టిఫికెట్టూ అక్కర్లేదు.
- క్లాసులోనే మార్పులు: ముందు బెంచీలో కూర్చోబెట్టడం, బోర్డు మీద ఉన్నది ఎక్కించుకోవడానికి ఎక్కువ టైమ్ ఇవ్వడం, కొన్ని జవాబులు నోటితో చెప్పించుకోవడం. పైకి చిన్నవిగా కనిపిస్తాయి గానీ చాలామంది పిల్లలకు బాగా పనిచేసేవి ఇవే.
- స్పెషల్ ఎడ్యుకేటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే టీచరు) దగ్గర విడిగా: వారంలో కొన్ని పీరియడ్లు క్లాసు నుంచి పిలిచి, ఒక్కరికో చిన్న గుంపుకో చెప్పడం.
- ఐఈపీ: ఆ ఒక్క పిల్ల కోసమే లక్ష్యాలు, పద్ధతులు, గడువులు రాసిన ప్రణాళిక.
- షాడో టీచర్: రోజంతా పక్కన ఉండి సాయం చేసే మనిషి. ప్రైవేటు బడుల్లో ఈ ఖర్చును చాలాసార్లు తల్లిదండ్రుల మీదే వేస్తారు.
- బయట అసెస్‌మెంట్ (ఇబ్బంది ఏమిటో తేల్చే నిపుణుల పరీక్ష) చేయించుకు రమ్మనడం: దీన్ని సాయం అనలేం, సమాచారం కోసం అడగడం మాత్రమే. ‘రిపోర్టు వచ్చేదాకా మీరు క్లాసులో ఏం చేస్తారు?’ అని వెంటనే అడగండి.

ఇక సెక్షన్ మార్చడం, కింది క్లాసులో కూర్చోబెట్టడం, ‘వేరే బడి చూసుకోండి’ అనడం. వీటిని కూడా సపోర్ట్ పేరుతోనే చెప్పడం జరుగుతుంది. ఇవి సాయం కిందికి రావు. విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం ఎలిమెంటరీ విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా పిల్లలను బడి నుంచి పంపించేయకూడదు.

అదే చట్టంలోని 24వ సెక్షన్ తల్లిదండ్రులందరికీ తెలిసి ఉండాలి. ప్రతి పిల్ల నేర్చుకునే సామర్థ్యాన్ని టీచరు అంచనా వేయాలి, అవసరమైతే అదనంగా బోధించాలి. పిల్లల హాజరు, నేర్చుకునే తీరు, ప్రగతి గురించి తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై చెప్పాలి. ఇదంతా టీచరు బాధ్యతగానే అందులో రాశారు. కాబట్టి అదనపు సాయం బడి దయతలచి ఇచ్చేదీ కాదు, మీ పిల్ల మీద వేసిన ముద్రా కాదు.

## 2. మీటింగ్‌కి ముందు వారం: ఏం సిద్ధం చేసుకోవాలి

ఉత్త చేతులతో వెళ్తే వినడం తప్ప ఏమీ చేయలేం. మొదట కళ్ళు, చెవులు చూపించండి. ఇది లాంఛనం అనుకోవద్దు. బోర్డు సరిగా కనబడని పిల్ల, జలుబు చేసినప్పుడల్లా చెవి మూసుకుపోయే పిల్ల క్లాసులో పరధ్యానంగా కనబడతారు. ‘త’కూ ‘ద’కూ తేడా వినబడకపోతే రాతలో తేడా ఎలా వస్తుంది? ఈ రెండూ తేలకుండా మిగతా ఏ పరీక్ష ఫలితాన్నీ పూర్తిగా నమ్మలేం.

తీసుకెళ్లాల్సినవి:

- ☐ గత రెండేళ్ళ ప్రోగ్రెస్ కార్డులు
- ☐ తెలుగు, ఇంగ్లిష్, లెక్కల నోట్‌బుక్కులు: ఈ ఏడాదివి, నిరుటివి
- ☐ కంటి, చెవి పరీక్షల కాగితాలు
- ☐ బడి మారిన, మీడియం మారిన, ఎక్కువ రోజులు బడికి వెళ్లని కాలం: తేదీలతో
- ☐ ఇంట్లో మీరు గమనించినవి: ఒక పేజీ చాలు
- ☐ నెలలు నిండక ముందే పుట్టడం, మాటలు ఆలస్యంగా రావడం, ఫిట్స్ లాంటివి ఉంటే వైద్యుల చీటీలు

ఇంటి పేజీలో ‘చదవడు, బద్ధకం’ లాంటి తీర్పులు రాయొద్దు. ‘హోంవర్కుకి కూర్చుంటే పది నిమిషాలకు లేస్తాడు. కథ చెప్తే అరగంట వింటాడు. కూడికలు నోటితో చెప్తాడు, రాసేటప్పుడు అంకెలు తారుమారు చేస్తాడు’ అని చూసింది చూసినట్టు రాయండి. బడికి తెలియని సగం కథ ఈ పేజీలోనే ఉంటుంది.

వీలైతే అమ్మానాన్నలు ఇద్దరూ వెళ్ళండి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు రాసుకోవచ్చు. మొదటి మీటింగ్‌లో పిల్లను పక్కన కూర్చోబెట్టుకోవద్దు.

## 3. మీటింగ్‌లో అడగాల్సిన ప్రశ్నలు

ఈ వరుసలో అడగండి. వరుస మారితే మాట పక్కదారి పడుతుంది.

1. ఏ విషయంలో ఇబ్బంది? చదవడమా, రాయడమా, లెక్కలా, మాటా, ధ్యాసా, నలుగురితో మెలగడమా?
2. ఎప్పటి నుంచి గమనిస్తున్నారు? ఎవరు గమనించారు?
3. ఆధారం చూపిస్తారా? నోట్‌బుక్, పరీక్ష పేపర్, చదివించి చూసిన రికార్డు, ఏదైనా సరే.
4. ఇప్పటిదాకా క్లాసులో ఏం చేసి చూశారు? ఫలితం ఏమిటి?
5. ఇకముందు ఏం చేస్తారు? ఎవరు, వారంలో ఎన్నిసార్లు, ఎంతసేపు?
6. ఆ టైమ్‌లో మా పిల్ల ఏ పీరియడ్ కోల్పోతుంది?
7. పనిచేస్తోందో లేదో ఎలా కొలుస్తారు? మళ్ళీ ఎప్పుడు కలుద్దాం?
8. దీనికి ఫీజు ఉందా? ఉంటే ఎంత? రాతపూర్వకంగా ఇస్తారా?

నాలుగో ప్రశ్నను వదలొద్దు. ‘ఇంకా ఏమీ చేయలేదు, నేరుగా అసెస్‌మెంట్ చేయించుకు రండి’ అంటే, ముందు కొన్ని వారాలు క్లాసులో అదనపు బోధన చేసి, ఫలితం రాసి పెట్టమని అడగడం న్యాయమే. అయితే ఇబ్బంది మరీ ఎక్కువగా కనబడుతుంటే ఆ వారాలు ఆగనక్కర్లేదు, రెండూ ఒకేసారి నడపొచ్చు.

ఆరో ప్రశ్న మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. స్పెషల్ క్లాసు కోసం ఆటల పీరియడ్‌నో డ్రాయింగ్ పీరియడ్‌నో తీసేయొద్దు. రోజంతా రాని పనితో కుస్తీ పట్టే పిల్లకు బడిలో తలెత్తుకుని నిలబడే చోటు చాలాసార్లు అదొక్కటే.

## 4. ఆధారాన్ని చదవడం: నోట్‌బుక్ ఏం చెబుతుంది

‘మీ పాప చాలా తప్పులు రాస్తోంది’ అంటే ఏ సాయం కావాలో తెలియదు. ఎలాంటి తప్పులో చూడాలి.

మూడో తరగతిలో టీచరు నాలుగు పదాలు డిక్టేషన్ చెప్పారనుకుందాం: పుస్తకం, అమ్మమ్మ, చెట్టు, విద్యార్థి.

మొదటి పిల్ల రాసింది: పుసకం, అమమ, చెటు, విదారి. నాలుగూ తప్పే, మార్కు సున్నా. కానీ దగ్గరగా చూడండి. ప్రధాన అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి, గుణింతాలూ సరిగ్గా ఉన్నాయి, పోయింది ఒత్తులు మాత్రమే. ఈ పిల్లకు అక్షరాల కూర్పు తెలుసు. ఒత్తుల మీద కొన్ని వారాలు పద్ధతిగా పనిచేస్తే పెద్ద తేడా రావచ్చు.

రెండో పిల్ల రాసింది: పుకం, మఅమ్, చుటె, విధ్. వరుస మారింది, అక్షరాలు ఎగిరిపోయాయి, గుణింతం గుర్తు వేరే అక్షరానికి పోయింది. ఇక్కడ శబ్దాన్ని విని, విడగొట్టి, అక్షరంతో జతపరచడంలోనే ఇబ్బంది ఉండొచ్చు. ఈ పిల్లకు స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలి, అసెస్‌మెంట్ గురించీ ఆలోచించాలి.

మూడో పిల్ల మొదటి రెండు పదాలూ పొరపాటు లేకుండా రాసి, మిగతా రెండూ ఖాళీగా వదిలేసింది. రాయడం వచ్చు. పెన్సిల్ పట్టు వల్ల చెయ్యి నొప్పా, వేగం చాలదా, ధ్యాస మళ్ళిందా, భయమా అని చూడాలి.

ముగ్గురికీ ప్రోగ్రెస్ కార్డు మీద ‘తెలుగు: వీక్’ అనే పడుతుంది. కావాల్సిన సాయం మాత్రం మూడు రకాలు. అందుకే కార్డుతో సరిపెట్టుకోకుండా నోట్‌బుక్ చూపించమని అడగండి.

ఒకటో, రెండో తరగతుల్లో ‘మ’కు బదులు ‘య’, ‘ప’కు బదులు ‘వ’ రాయడం, ఇంగ్లిష్‌లో బీ, డీలు తిరగేయడం మామూలే. వాటిని చూసి పిల్లకు పేరు పెట్టేయకండి. నేర్పినా, సాధన చేయించినా, మూడో తరగతికి వచ్చినా అలాగే ఉంటే అప్పుడు పట్టించుకోవాలి.

మీడియం సమస్యా, నేర్చుకోవడంలో సమస్యా? మన పిల్లల్లో ఇది చాలా ముఖ్యం. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్, నిన్నటిదాకా తెలుగు మీడియం, లేదా పుణె నుంచో సూరత్ నుంచో బదిలీ మీద వచ్చిన ఇల్లు. ఇంట్లోనే ఇలా చూడండి:

- పిల్ల తరగతికి తగిన చిన్న కథను తెలుగులో మీరు చదివి వినిపించండి. నాలుగు ప్రశ్నలు అడగండి.
- అలాంటిదే ఇంకో కథను ఇంగ్లిష్‌లో వినిపించి అడగండి.
- ఆ తర్వాత ఒక్కో భాషలో ఒక్కో పేరా పిల్లతోనే చదివించండి.

తెలుగులో విన్నది బాగా చెప్పి, ఇంగ్లిష్‌లో విన్నది అర్థం కాకపోతే ముందు కావాల్సింది ఇంగ్లిష్ భాష. రెండు భాషల్లోనూ విన్నది అర్థమవుతూ, రెండు భాషల్లోనూ చదవలేకపోతే చదవడంలోనే ఇబ్బంది ఉందని అనుమానించాలి. (తెలుగు చదవడం సరిగా నేర్పించనే లేదంటే ఈ లెక్క వర్తించదు.) రెండు భాషల్లోనూ విన్నది అర్థం కాకపోతే మొదట చెవి పరీక్ష, ఆ తర్వాత అభివృద్ధి నిపుణుల సలహా. ఇది రోగనిర్ధారణ అనుకోకండి. మీటింగ్‌లో సరైన ప్రశ్న అడగడానికి పనికొస్తుంది, అంతే.

## 5. అసెస్‌మెంట్: ఎప్పుడు, ఎక్కడ, రిపోర్టు ఎలా చదవాలి

ఎప్పుడు? డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యానికి ఎనిమిదేళ్ళు నిండిన తర్వాతే సర్టిఫికెట్ ఇస్తారు. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ వయసు పెట్టారు. అంతకన్నా చిన్నపిల్లల విషయంలో ‘సర్టిఫికెట్ లేదు కాబట్టి సాయం లేదు’ అంటే ఒప్పుకోకండి. సాయం మొదలుపెట్టడానికి వయసు పరిమితి లేదు. మాట ఆలస్యం, ఆటిజం, బుద్ధిమాంద్యం లాంటి సందేహాలకైతే ఎనిమిదేళ్ళ దాకా ఆగడం పెద్ద పొరపాటు.

ఎక్కడ?

- జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో నడిచే డీఈఐసీలు, అంటే పిల్లల్లో ఇబ్బందులను ముందుగా గుర్తించి సాయం చేసే కేంద్రాలు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలకు ఉచితం. మీ ఊళ్ళో ఎక్కడుందో పీహెచ్‌సీలో గానీ ఏఎన్‌ఎంను గానీ అడగండి.
- బుద్ధిమాంద్యం, ఎదుగుదల ఆలస్యం లాంటి సందేహాలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ.
- హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. పేరు చూసి జంకకండి.
- ప్రైవేటు క్లినిక్ అయితే క్లినికల్ సైకాలజిస్టు గానీ స్పెషల్ ఎడ్యుకేటర్ గానీ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. రిపోర్టు మీద అది ఉండాలి.

డబ్బు కట్టేముందే అడగండి: ‘మీ రిపోర్టును బోర్డు ఒప్పుకుంటుందా, లేక ప్రభుత్వ ఆసుపత్రి సర్టిఫికెట్ వేరుగా కావాలా?’ క్లినిక్ రిపోర్టు బడిలో సాయానికి పనికొస్తుంది. బోర్డు పరీక్షల రాయితీకి సాధారణంగా ప్రభుత్వ వైద్యాధికారులు ఇచ్చిన సర్టిఫికెట్ అడుగుతారు.

రిపోర్టులో చూడాల్సినవి:

- ☐ పరీక్ష ఏ భాషలో చేశారు? పిల్లకు ఆ భాష బాగా వచ్చా?
- ☐ ఆ రోజు పిల్లకు జ్వరమో నిద్రలేమో ఉంటే రాశారా? కళ్ళజోడు పెట్టుకుందా?
- ☐ తెలివితేటల పరీక్ష వేరు, చదవడం, రాయడం, లెక్కల పరీక్ష వేరు. రెండూ చేశారా?
- ☐ చివర ‘బడి చేయాల్సినవి’ అని స్పష్టంగా ఉందా?

ఐక్యూ అంకె దగ్గరే చూపు ఆగిపోకూడదు. ఎందులో బలం ఉంది, ఎందులో తక్కువ ఉంది అన్న వివరాలే మీకు పనికొచ్చేవి. ‘పర్సెంటైల్ 10’ అంటే నూటికి పది మార్కులు అనుకుని కుంగిపోకండి. అదే వయసు పిల్లలు వంద మందిని నిలబెడితే ఇంచుమించు పదిమంది కన్నా ముందున్నారని దాని అర్థం. నిపుణుడిని కూర్చోబెట్టి తెలుగులో వివరించమనండి. ఆ పని రిపోర్టు ఫీజులో భాగమే.

## 6. ఐఈపీ మీద సంతకం పెట్టేముందు

చాలా బడుల్లో ఐఈపీ అంటే ముందే అచ్చేసిన ఒక ఫారం. పేరు మార్చి ఇస్తారు. అందులో లక్ష్యాల వరస చదవగానే అసలు సంగతి తెలిసిపోతుంది.

పనికిరాని లక్ష్యం: ‘తెలుగు చదవడంలో మెరుగుదల సాధిస్తాడు.’

పనికొచ్చే లక్ష్యం: ‘డిసెంబర్ చివరికి, రెండో తరగతి స్థాయిలో 50 పదాల కొత్త పేరాను ఐదుకు మించని తప్పులతో గట్టిగా చదువుతాడు. ఇప్పుడు 18 తప్పులు పోతున్నాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో మూడో పీరియడ్ స్పెషల్ ఎడ్యుకేటర్‌తో. రెండు వారాలకోసారి చదివించి తప్పులు నమోదు చేస్తారు.’

రెండోదాంట్లో ఇప్పుడెక్కడున్నాడో ఉంది, ఎక్కడికి చేరాలో ఉంది, ఎప్పటికో ఉంది, ఎవరు చేస్తారో ఉంది. డిసెంబర్‌లో కూర్చున్నప్పుడు ‘బానే ఉన్నాడండీ’ అన్న మాటతో తప్పించుకోవడం కుదరదు.

ఒక టర్మ్‌కి మూడు, నాలుగు లక్ష్యాలు చాలు. పన్నెండు రాస్తే ఒక్కటీ జరగదు. క్లాసులో చేసే మార్పులు కూడా ఐఈపీలో ఉండాలి, సబ్జెక్టు టీచర్లందరికీ అవి తెలియాలి. స్పెషల్ ఎడ్యుకేటర్‌కు మాత్రమే తెలిసిన ప్రణాళిక ఆ గది దాటదు. ‘స్పెల్లింగ్ తప్పులకు సోషల్‌లో మార్కులు తీయొద్దు’ అని రాసుకుంటే సోషల్ టీచరుకు ఆ కాగితం చేరిందో లేదో మీరే కనుక్కోండి.

సంతకానికి ముందు కాగితం ఇంటికి తెచ్చుకుంటానని చెప్పండి. ఒక రాత్రి చదువుకోండి. ఇంగ్లిష్‌లో ఉండి అర్థం కాకపోతే తెలుగులో చెప్పమనండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఒప్పుకోని అంశం ఉంటే దాని పక్కన ‘దీనికి నా అంగీకారం లేదు’ అని రాసి తేదీ వేయండి.

మీటింగ్ తర్వాత ఏ కాగితమూ రాకపోతే మీరే రాయండి. ఇలా సరిపోతుంది:

> గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు,
>
> మూడవ తరగతి ‘బి’ సెక్షన్‌లో చదువుతున్న మా అబ్బాయి విషయంలో ఈ నెల 8న జరిగిన సమావేశంలో అదనపు సాయం ఇవ్వాలని నిర్ణయించినట్టు తెలిపారు. ఆ నిర్ణయానికి కారణాలు, ఇవ్వబోయే సాయం వివరాలు (ఎవరు, వారానికి ఎన్నిసార్లు, ఎంతసేపు), సమీక్ష తేదీ రాతపూర్వకంగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. మా అబ్బాయి నోట్‌బుక్కుల్లో మీరు గమనించిన అంశాల నకలు కూడా ఇవ్వగలరు. మా వైపు నుంచి పూర్తి సహకారం ఉంటుంది.

రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద ఆఫీసు ముద్రో సంతకమో వేయించుకోండి. ఈమెయిల్ అయినా సరే. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి, పిల్ల సంగతి పదిమంది నోళ్ళలో పడుతుంది.

## 7. సర్టిఫికెట్ కావాలా, వద్దా

సర్టిఫికెట్ లేకుండానే రెమిడియల్ క్లాస్, క్లాసులో మార్పులు, ఐఈపీ అడగొచ్చు. నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన పద్ధతులు వాడాలని వికలాంగుల హక్కుల చట్టం (2016) 16వ సెక్షన్ విద్యాసంస్థలకు చెబుతోంది. ఆ చట్టంలోని 21 రకాల జాబితాలో ఈ అభ్యసన వైకల్యం ఉంది. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) పేరు అందులో లేదు. అలాగని క్లాసులో సాయం ఆగనక్కర్లేదు, పైన చెప్పిన 24వ సెక్షన్ పిల్లలందరికీ వర్తిస్తుంది.

సర్టిఫికెట్ నిజంగా అవసరమయ్యేది బోర్డు పరీక్షలకు, ప్రభుత్వ పథకాలకు. సీబీఎస్‌ఈలో అర్హత ఉన్న పిల్లలకు మూడు గంటల పేపర్‌కు గంట అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, మూడో భాష నుంచి మినహాయింపు లాంటివి ఉన్నాయి. రాష్ట్ర ఎస్సెస్సీ బోర్డుల్లోనూ రాయితీలు ఉన్నాయి, హెడ్మాస్టర్ ద్వారా దరఖాస్తు వెళ్ళాలి. ఆ ఏడాది సర్క్యులర్ కాపీని ఆఫీసులో అడిగి తీసుకోండి.

పదో తరగతి జనవరిలో పరుగులు పెట్టే తల్లిదండ్రులను చూస్తే బాధేస్తుంది. తొమ్మిదో తరగతి మొదలయ్యేసరికే సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. అదనపు సమయమైనా, రాసిపెట్టే మనిషైనా పిల్లకు అలవాటు కావాలి. తనకు తెలిసిన జవాబును ఇంకొకరికి చెప్పి రాయించడం తేలిక కాదు, యూనిట్ టెస్టుల్లోనే సాధన చేయించాలి.

వైకల్య సర్టిఫికెట్ కోసం వైద్య పరీక్షలు చేసే ‘సదరం’ క్యాంపుల పేరు మన రాష్ట్రాల్లో అందరికీ తెలుసు. ఇప్పుడు దేశమంతటికీ యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు ఉంది. దరఖాస్తు స్వావలంబన్ పోర్టల్‌లో చేయొచ్చు. స్లాట్ గురించి మీసేవలోనో సచివాలయంలోనో కనుక్కోండి. క్యాంపుకి ఆధార్, ఫొటోలు, పాత రిపోర్టులు, బడి ఇచ్చిన చీటీ, నోట్‌బుక్కులు పట్టుకెళ్ళండి. అభ్యసన వైకల్య సర్టిఫికెట్‌ను 14 ఏళ్ళప్పుడు, 18 ఏళ్ళప్పుడు మళ్ళీ చేయించాలని 2018 మార్గదర్శకాల్లో పెట్టారు. పద్నాలుగంటే సరిగ్గా తొమ్మిదో తరగతి వయసు, గడువు ముందే చూసుకోండి.

## 8. ప్రభుత్వ బడి అయితే

సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించే ఐఈఆర్‌పీలు అక్కడ ఉంటారు. ఫిజియోథెరపీ రోజులు కూడా పెడతారు. బడికి రాలేని పిల్లల కోసం ఇంటికి వచ్చి చెప్పే ఏర్పాటూ ఉంది. మీ బడి హెడ్మాస్టర్‌ను గానీ మండల విద్యాధికారి కార్యాలయాన్ని గానీ అడిగి పిల్ల పేరు నమోదు చేయించండి.

భవితకు పంపితే బడికి దూరం చేసినట్టే అన్న అనుమానం వద్దు. పిల్ల పేరు మామూలు బడిలోనే ఉంటుంది. వారంలో ఏ రోజులు ఎక్కడో హెడ్మాస్టర్‌తో కూర్చుని ఒక టైంటేబుల్ రాయించుకోండి, హాజరు విషయంలో తర్వాత గొడవ రాదు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

‘పెద్దయితే అదే వస్తుందిలే’ అని వదిలేయడం. కొందరికి వస్తుంది. రానివాళ్ళకు ఆ రెండేళ్ళలో పాఠాలు కొండలా పేరుకుపోతాయి. దిద్దుబాటు: ఆగాలనుకుంటే గడువు పెట్టుకుని ఆగండి. ‘దసరా సెలవుల దాకా ఇంట్లో, బడిలో ఇది చేద్దాం, తేడా లేకపోతే అసెస్‌మెంట్’ అని.

మామూలు ట్యూషన్ గంటలు పెంచడం. బడిలో పనిచేయని పద్ధతినే సాయంత్రం ఇంకో రెండు గంటలు నడిపితే పిల్ల అలిసిపోతుంది తప్ప నేర్చుకోదు. దిద్దుబాటు: ట్యూషన్ చెప్పేవారికి ఐఈపీ చూపించండి. అందులోని రెండు లక్ష్యాల మీదే పనిచేయమనండి.

పిల్లకు చెప్పకుండా దాచడం. క్లాసు మధ్యలో తనను మాత్రమే ఎందుకు పిలుస్తున్నారో తెలియని పిల్ల, తోటివాళ్ళు పెట్టిన పేరునే నమ్ముతుంది. దిద్దుబాటు: వయసుకు తగ్గట్టు సూటిగా చెప్పండి. “నీకు లెక్కలు తొందరగా అర్థమవుతాయి కదరా, చదవడానికి మాత్రం వేరే పద్ధతి కావాలట. ఆ మేడమ్ ఆ పద్ధతి నేర్పుతారు” అంటే చాలు.

అన్నతోనో చెల్లితోనో పోల్చడం. నానమ్మ, తాతయ్య, మేనత్త, అందరికీ ముందే చెప్పి పెట్టండి. ‘మొద్దు’ అన్న మాట ఇంట్లో వినబడకూడదు. బడిలో టీచరే అలా అంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మానసికంగా వేధించడాన్నీ, కొట్టడాన్నీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది.

కోపంతో బడి మార్చేయడం. కొత్త బడికి మీ పిల్ల తెలియడానికే సగం ఏడాది పడుతుంది. నిజంగా మార్చాల్సి వస్తే నోట్‌బుక్కులు, ఐఈపీ, రిపోర్టులు అన్నీ ఒక ఫైలులో పెట్టి తీసుకెళ్ళండి, విషయం దాచి చేర్పించకండి.

షాడో టీచర్‌ను శాశ్వతంగా పెట్టుకోవడం. కొందరికి తప్పనిసరి. కానీ పక్కన ఎప్పుడూ ఒక పెద్దమనిషి ఉంటే తోటి పిల్లలు దగ్గరికి రారు. ఏ పనిలో, ఏ నెలకు పక్కనుండడం తగ్గిస్తారో మొదటిరోజే రాసుకోండి.

## 10. ఒప్పుకోలేకపోతే, అమలు కాకపోతే

మెట్టు మెట్టుగా వెళ్ళండి. ప్రతి మెట్టు దగ్గరా కాగితం ఉండాలి.

1. క్లాస్ టీచర్, స్పెషల్ ఎడ్యుకేటర్‌తో మళ్ళీ మీటింగ్. ఏ పీరియడ్లు జరిగాయి, ఏవి జరగలేదు అన్న లెక్కతో.
2. ప్రిన్సిపాల్‌కు లేఖ, జవాబుకు తేదీ అడుగుతూ.
3. మండల విద్యాధికారి, తర్వాత జిల్లా విద్యాధికారి. సీబీఎస్‌ఈ బడి అయితే బోర్డుకు కూడా.
4. విద్యాహక్కుకు సంబంధించిన ఫిర్యాదైతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్. వైకల్యం కారణంగా వివక్ష అయితే రాష్ట్ర వికలాంగుల కమిషనర్.

సదరం క్యాంపులో సర్టిఫికెట్ ఇవ్వలేదన్నా, శాతం తక్కువ వేశారన్నా 2016 చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

‘మా దగ్గర స్పెషల్ ఎడ్యుకేటర్ లేరు’ అనే జవాబు మామూలుగా వస్తుంది. 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు, ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి పదిమంది పిల్లలకు ఒక స్పెషల్ టీచరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు అన్న నిష్పత్తిని చెప్పింది. ఆ మాట లేఖలో రాయండి. దాంతోపాటు, వారు వచ్చేదాకా క్లాస్ టీచరు ఏం చేయగలరో కూడా అడగండి. పోరాటం ఒకవైపు నడుస్తుండగా పిల్ల ఖాళీగా కూర్చోకూడదు.

## 11. సమీక్ష మీటింగ్

మూడు నెలలకోసారి కలవడం మంచిది. వెళ్ళేముందు పాత పేరానే మళ్ళీ చదివించకండి, బట్టీ వచ్చేసి ఉంటుంది. అదే స్థాయిలో కొత్తది చదివించి, పాత తప్పుల లెక్క పక్కన కొత్త లెక్క రాసుకోండి. బడి రికార్డుకూ మీ లెక్కకూ పొంతన ఉందేమో చూడండి.

- ☐ లక్ష్యం చేరిందా? చేరితే తర్వాతి లక్ష్యం ఏది?
- ☐ చేరకపోతే: పీరియడ్లు జరగలేదా, పద్ధతి కుదరలేదా, లక్ష్యమే పెద్దదా?
- ☐ సబ్జెక్టు టీచర్లు మార్పులు పాటిస్తున్నారా?
- ☐ పిల్ల ఏమంటోంది? బడికి వెళ్ళేటప్పుడు కడుపునొప్పి అంటోందా?

మొదటి మూడు నెలల్లో మార్కులు పెరగకపోయినా, తప్పుల రకం మారిందంటే పని జరుగుతున్నట్టే. ఒత్తులన్నీ వదిలేసే పిల్ల ఇప్పుడు తప్పుడు ఒత్తు వేస్తోందంటే, అక్కడ ఒత్తు ఉందని వినబడుతోందన్నమాట. ఇలాంటివి టీచరు చెప్పకపోయినా మీరు చూసి చెప్పండి.

పిల్ల నిలదొక్కుకున్నాక సాయాన్ని ఒకేసారి ఆపేయనివ్వకండి. వారానికి మూడు పీరియడ్లు ఉంటే ముందు రెండు, ఒక టర్మ్ చూశాక ఒకటి. ఈ తగ్గింపు కూడా తేదీలతో రాయించుకోండి, మళ్ళీ తప్పులు పెరిగితే పాత టైంటేబుల్‌కు వస్తామన్న వాక్యం కిందనే చేర్పించి ప్రిన్సిపాల్ సంతకం తీసుకోండి.